నల్లదిబ్బలో మరమ్మతులు

నమోదు 1

శిక్షణాలయంవారు ఈ చిట్టాను మూడు శీర్షికల కింద రాయమన్నారు: పని, నీరు, మనుషులు. మొదటి రెండింటికీ కొలతలున్నాయి. మూడోదాన్ని దేనితో కొలవాలో పాఠం చెప్పినవాళ్ళు చెప్పలేదు. అందుకని మూడూ కలిపి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మార్కులు తగ్గిస్తే తగ్గించుకోవచ్చు.

నా పేరు భ్రమరాంబ. వయసు అరవై ఆరు. బాపట్లలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో అందరూ వద్దంటున్నా, ఉన్న నీటితో ఉన్న నేలతో పదిమందీ కలిసి బతకడం ఎలాగో నేర్పే చదువులో చేరాను. ఆఖరి పరీక్ష పరదేశంలో చేతిపని. అందుకే ఈ నల్లదిబ్బకు వచ్చాను. నాతో వచ్చిన రెండో మనిషి షరీఫ్. నంద్యాలవాడు, నలభై అయిదేళ్ళుంటాయి. పైపుల పనిలో అతన్ని మించినవాడు లేడు. నోరు మూసుకోవడంలో అతనికన్నా ఎవరైనా నయం.

నల్లదిబ్బ దక్షిణ సముద్రంలో ఒక రాతి దీవి. చెట్టూ లేదు, వానా లేదు. ఏడాదిలో మూడు నెలలు మాత్రం దట్టంగా పొగమంచు కమ్ముతుంది. ఇక్కడివాళ్ళ ముత్తాతలు సిక్కోలు తీరం నుంచి పాత ఓడలు విరగ్గొట్టే కూలికి వచ్చి ఉండిపోయారు. ఓడ పలకలే గోడలు, ఓడ తలుపులే తలుపులు. తెలుగే మాట్లాడతారు. ఆ కారణంగా నాకు భాష, ఆచారాల పాఠం మినహాయించారు. ఆ సమయం కూడా నీటి వడపోత ప్రయోగాలకే వాడుకున్నాను.

నాలుగేళ్ళుగా ఎండ నెలల్లో వీళ్ళకు నీళ్ళు చాలడం లేదు. అవతలి గట్టునుండే జలమండలి ఏటా వీళ్ళను పడవలెక్కించి తీసుకుపోయి గుడారాల్లో పెడుతోంది. ఈసారి మండలి ఆఖరి మాట చెప్పేసింది. మంచు వెళ్ళేలోపు నీళ్ళ తొట్టి కట్టి నింపుకోవాలి, దాన్ని ఊరివాళ్ళే చూసుకోవాలి. లేదా దీవి శాశ్వతంగా ఖాళీ. మేం వచ్చింది ఆ తొట్టి కోసం.

మాకు బస దాలమ్మ ఇంట్లో. అరవై దాటిన ఒంటరి మనిషి, చేపల వలలు అల్లుతుంది. నాకు లోపలి గది, షరీఫ్‌కు వసారా ఇచ్చింది. తెల్లారేసరికి పైకప్పు అతుకులోంచి మంచునీళ్ళు కారి నా దుప్పటి తడిసి ముద్దయింది. దాలమ్మ బయటికి వెళ్ళి వచ్చేలోపు షరీఫ్ నిచ్చెన పట్టుకున్నాడు, నేను పైకెక్కాను. పాత తారు గీకి పారేసి కొత్తది మరిగించి పూశాను.

ఆవిడ వచ్చి పైకి చూసింది. చాలాసేపు చూసింది. “బాగా సేసినారు” అంది. సాయంత్రానికి చాప, పొయ్యి, రెండు కోకలు మూటకట్టుకుని చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఎందుకంటే మాకు ఇరుకవుతుందట. మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. ఇల్లంతా కడిగి, సామాను నా పద్ధతిలో సర్దుకున్నాను.

నమోదు 2

పని బాగా మొదలైంది. పడమటి గట్టుమీద ఓడ తెరచాప గుంజలు పాతి వాటికి సన్నకంటి వలలు బిగించాం. మంచు వలకు తగిలి నీరై కిందికి జారుతుంది. కింద దోనె పట్టుకుంటుంది. దోనెలోంచి ఇసుక, బొగ్గుల వడపోత గుండా తొట్టిలోకి. తొట్టి అంటే బోర్లించిన ఓడ అడుగును వెల్లకిలా తిప్పి అతికించింది. ఆడా మగా ముసలీ ముతకా అందరూ వచ్చారు. ఎవరినీ పిలవనక్కరలేకపోయింది. వీళ్ళను సోమరులని మండలి కాగితాల్లో రాసినవాడు ఇటువైపు వచ్చి ఉండడు.

ఒక్కటే చిక్కు. ఊరి పెద్ద కూర్మన్నది నా ఈడే. దోనెల అతుకులు అతనే వేశాడు, కొలబద్ద లేకుండా కంటి చూపుతో. దోనె వాలు సమంగా ఉండాలి. ఎక్కడైనా గుంట పడితే నీళ్ళు నిలిచి నాచు పడుతుంది. అతని అతుకులు పాకే పాములా ఉన్నాయి. అందరిముందూ అంటే పెద్దమనిషి నొచ్చుకుంటాడని, వాళ్ళు తిండికి వెళ్ళాక నేనూ షరీఫూ కలిసి అతుకులన్నీ విప్పి, దారం కట్టి, వరసగా మళ్ళీ వేశాం. తొట్టి అడుగు అతుకులు కూడా. వడపోత కూడా మళ్ళీ పేర్చాం. వాళ్ళు పోసిన ఇసుకలో గవ్వలున్నాయి.

మర్నాడు పనికి కూర్మన్న రాలేదు. అతని వెనకున్నవాళ్ళూ రాలేదు. వచ్చిన కొద్దిమంది దోనెలకేసి చూసి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఏం చెయ్యమంటే అది చేశారు. చెప్పనిది చెయ్యలేదు.

“పెద్దమ్మా, నీ క్లాసుకొచ్చినట్లే వచ్చినారు చూడు” అన్నాడు షరీఫ్. “అటెండెన్సు పిలుస్తావా ఏంది.”

నమోదు 3

తొట్టిలో నీళ్ళు మోకాలి ఎత్తు. రుచి చూశాను. చక్కటి నీరు.

తాగేవాళ్ళు లేరు. ఆడవాళ్ళు ఇంకా దీవి అవతలి చివర కొండ ఊటకే కడవలతో నడుస్తున్నారు. పోనూ రానూ ఒక పూట. ఆ నీళ్ళు తుప్పు వాసన. కొందరు మాత్రం పొద్దున్నే మా గుమ్మం ముందుకు వచ్చి, ఒక కడవ పట్టుకోమంటారా అని అడుగుతారు. నన్నెందుకు అడగడం, మీ తొట్టే కదా, ఎన్నైనా పట్టుకోండి అంటాను. ఒక్క కడవ పట్టుకుని వెళ్ళిపోతారు. మర్నాడు మళ్ళీ వచ్చి అడుగుతారు. చెప్పిన మాట రెండోసారి చెప్పడం నాకు కిట్టదు. నా మనవరాళ్ళు ముగ్గురూ అది ఎప్పుడో గ్రహించారు. ఇక్కడ అదే మాట వారమంతా చెప్పాను.

ఇది కాక, వేటకు వెళ్ళివచ్చిన ప్రతి పడవవాడూ మా అరుగుమీద ఒక చేప పెట్టిపోతున్నాడు. నేను తినను, తీసుకుపొమ్మంటే వినరు. షరీఫ్ మాత్రం ఈ ఊరు తన మేనమామల ఊరులా ఉందంటున్నాడు.

నమోదు 4

పెద్ద నల్లబట్ట ఒకటి గుంజలకు కట్టి సుద్దతో బొమ్మలు గీశాను. తుప్పునీళ్ళు కడుపుకు ఏం చేస్తాయో, వడపోత ఎలా పని చేస్తుందో, వలల దుమ్ము ఎప్పుడెప్పుడు దులపాలో ఒక పూటంతా చెప్పాను. పిల్లాజెల్లా సహా అందరూ వచ్చి కూర్చున్నారు. ఒక్కరూ కదల్లేదు. అర్థమైందా అంటే అయిందన్నారు. వలలు ఎవరు దులుపుతారంటే ఒక్క చెయ్యీ లేవలేదు.

పాఠం అర్థం కాని క్లాసుల్ని చూశాను. పాఠం నచ్చని క్లాసుల్ని చూశాను. అర్థమై, నచ్చి, ఏమీ చెయ్యని క్లాసును ఇప్పుడే చూశాను.

నమోదు 5

గాలివాన. వాన లేని గాలివాన. మూడు వలలు చిరిగాయి, రెండు గుంజలు ఒరిగాయి, దోనె ఒకటి కొట్టుకుపోయి రాళ్ళలో ఇరుక్కుంది.

నేనూ షరీఫూ పొద్దు పొడవక ముందే పనిలోకి దిగాం. ఊరంతా వచ్చింది. వచ్చి దూరంగా రాళ్ళమీద నిలబడింది. షరీఫ్ గుంజ ఎత్తలేక బోర్లా పడితే ఇద్దరు కుర్రాళ్ళు రెండడుగులు ముందుకు వేశారు. కూర్మన్న ఏదో అన్నాడు. ఆగిపోయారు. మోకాళ్ళు చెక్కుకుపోయిన షరీఫ్‌ను లేపి కూర్చోబెట్టారు, నీళ్ళిచ్చారు, గాయాలకు కట్టు కట్టారు. గుంజను మాత్రం ముట్టుకోలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కూర్మన్న ముందుకు వెళ్ళి నిలబడ్డాను. మీ ఊరు ఖాళీ అయిపోతుంటే మీరు తమాషా చూస్తారా, సిగ్గు లేదా అన్నాను. ఇంకా అన్నాను. ఇక్కడ రాయదగ్గవి కావు. అతను తల వంచుకుని విన్నాడు. ఆఖరికి, “మీరు ఓపికమంతులు మేస్టరమ్మా” అన్నాడు. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. అందుకే ఇంకా మండింది.

చీకటి పడేవరకూ చేసి అన్నీ నిలబెట్టాం. ముందుకన్నా గట్టిగా నిలబెట్టాం. ఇక ఈ వలలు పదేళ్ళు కదలవు.

శిక్షణాలయానికి కబురు పంపాను. సరుకుల్లో లోపం లేదు, పనిలో లోపం లేదు, మనుషులు సహకరించరు, ఇంకో ఊరికి మార్చమని అడిగాను. జవాబుగా ఒకే ప్రశ్న వచ్చింది: తొట్టి ఎవరిది అని మీరు అక్కడ ఎవరినైనా అడిగారా? ఊరి ఉమ్మడి సొత్తు అని మొదటి కాగితంలోనే రాశాను. కాగితాలు చదవకుండా ప్రశ్నలు వేసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గౌరవం లేదు.

నమోదు 6

జలమండలి పడవ వచ్చింది. తనిఖీకి కాదు, అంతకుముందు ఒకసారి చూసిపోవడానికి. అధికారిణి ముప్పై అయిదేళ్ళ మనిషి, తక్కువ మాటలు. చెవిలో అనువాదం చెప్పే బిళ్ళ పెట్టుకుంది. తొట్టి కొలిచింది, నీళ్ళు రుచి చూసింది, బాగుందంది. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఊరివాళ్ళ వైపు తిరిగి ఇది ఎవరి తొట్టి అని అడిగింది. అందరూ నన్ను చూపించారు. వలలు ఎవరివి? నన్నూ షరీఫ్‌నూ చూపించారు. వీళ్ళుంటున్న ఆ ఇల్లు? కూర్మన్న చెప్పాడు, అది మేస్టరమ్మగారి ఇల్లు అని.

నేను నవ్వబోయాను. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. దాలమ్మ జనం వెనక నిలబడి సముద్రంకేసి చూస్తోంది.

అధికారిణి రాసుకుంది. తొట్టి బయటివాళ్ళ సొత్తు, బయటివాళ్ళు వెళ్ళిపోయిన రోజున దీవికి నీళ్ళు లేనట్టే. ఆఖరి తనిఖీలోనూ ఇదే జవాబు వస్తే దీవి మూసెయ్యక తప్పదని నాతో మెల్లగా చెప్పి పడవెక్కింది. ఇక మంచు మిగిలింది మూడు వారాలకు లోపే.

పడవ కనుమరుగయ్యేవరకూ ఆగి, దాలమ్మ చెల్లెలింటికి వెళ్ళాను.

నమోదు 7

నిన్న రాయడానికి చేతకాలేదు. ఇవాళ రాస్తున్నాను.

దాలమ్మ వల అల్లుతోంది. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. మీ ఇల్లు నాదెప్పుడైంది అని అడిగాను.

“కప్పు కట్టిన్నాడే అయినాది” అంది, వల మీంచి కళ్ళెత్తకుండా.

కారుతుంటే బాగుచేశాను, అది తప్పా అన్నాను. ఆవిడ అల్లిక ఆపింది. నా ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు చూసింది.

“నీకు తెలీదా? ఇన్నాళ్ళూ తెలిసే సేస్తన్నావనుకున్నాం.”

తర్వాత చెప్పింది. వీళ్ళ ముత్తాతల కాలంలో ఇళ్ళు వాటంతటవే బాగయ్యేవట. గోడ బీటవారితే కంపెనీ ఒక ముద్ద పంపేది. ఆ ముద్ద గోడలోకి పాకి బీటను పూడ్చేది. పైసా అడిగేది కాదు. ముద్ద పాకినంత మేర గోడ మాత్రం కంపెనీదని ఒప్పందంలో ఉండేది. ఊరికే వచ్చింది కదా అని అందరూ పూయనిచ్చారు. “పదేళ్ళు తిరిగీసరికి ఎవుడింట్లో ఆడే అద్దెకున్నాడు” అంది దాలమ్మ. కంపెనీలు కూలాయి. ఇళ్ళు కూలాయి. వాళ్ళు ఓడల కూలికి ఈ దిబ్బకు చేరి ఒకే ఒక్క కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక వస్తువును ఆఖరుగా ఎవరి చెయ్యి బాగుచేసిందో, అది వాళ్ళది. పదిమంది చేతులు పడితే పదిమందిదీ. కాగితం లేదు, సంతకం లేదు. ఏటా ఊరంతా కలిసి పూడిక తీస్తారు కాబట్టి కొండ ఊట ఊరందరిదీ. అందుకే అంత దూరం నడిచి ఆ తుప్పునీళ్ళే తెచ్చుకున్నారు. రోజూ ఒకరి గుమ్మంలో నిలబడి అడుక్కోవడంకన్నా అదే నయమనిపించిందట. మా అరుగుమీది చేపలు నా తొట్టి నీళ్ళకు చెల్లింపు.

మిమ్మల్ని ముంచిన చట్టాన్నే మళ్ళీ పెట్టుకున్నారేమని అడిగాను.

“ఆడు ముద్దతో సేసినాడు. మనం సేత్తో సేస్తాం. రెండు సేతులకీ ఎంత అందుతాది? అందినంతే నీది. ఇంతకన్నా న్నాయం ఉంటే సెప్పు, నేర్సుకుంటాం.”

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. ఈ సంగతి మొదటిరోజే ఎందుకు చెప్పలేదని అరిచినట్టే అడిగాను.

“ఏటని సెప్పాల? ఇంటికొచ్చిన సుట్టాన్ని దొంగా అనమంటావా? మాకాడ పాకే పిల్లకి కూడా తెలుసు, ఒకరి సిల్లు మీద అడక్కండా సెయ్యెయ్యకూడదని. నువ్వు సదువుకున్నదానివి. ఊరి అతుకులన్నీ ఒక్క పూటలో విప్పీసి నీవి సేసీసుకున్నావు. కూర్మన్న ఆ పూట కూడు తిన్లేదు.”

అడగలేదన్న మాట నిజం. ఒప్పుకోవాల్సిందే. దుప్పటి తడుస్తుంటే అనుమతి కోసం కాచుకుని కూర్చోవాలన్నది మాత్రం నాకిప్పటికీ మింగుడుపడలేదు.

అన్నీ తిరిగి ఇచ్చేస్తాను, ఊరందరిముందూ చెప్తాను అన్నాను.

“నోటితో ఇచ్చింది నోట్లోనే ఉంటాది మేస్టరమ్మా. అది పాడవాల. మేం బాగుసెయ్యాల. అంతే.”

“పాడవదు. పదేళ్ళ వరకూ కదలకుండా చేశాను.”

వచ్చిన ఇన్నాళ్ళకు మొదటిసారి దాలమ్మ నవ్వింది. “అయితే పదేళ్ళుండు.”

నమోదు 8

తన సొత్తు తను పగలగొట్టుకుంటే ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. ఇంకొకరిది పగలగొడితే వెలి. అంటే ఈ పని మేమిద్దరమే చెయ్యాలి. అదీ మేం ముట్టుకున్న ప్రతి అతుకూ విప్పాలి. పైపైన ఒకటి రెండు విప్పితే చెల్లదని దాలమ్మ ఖండితంగా చెప్పింది.

షరీఫ్ సంగతంతా విని తల పట్టుకున్నాడు. తర్వాత సుత్తి తీసుకున్నాడు. “నా బతుకులో పైపులు పగలగొట్టనీకి పిల్చింది నువ్వే పెద్దమ్మా. ఈ ముక్క నంద్యాలలో చెప్పొద్దు, నాకు పని పుట్టదు.”

తొట్టి అడుగు అతుకు విప్పాలంటే నీళ్ళు దించాలి. ముప్పాతిక నిండిన తొట్టి. ఊరందరినీ పిలిచి ఈ నీళ్ళు ఇవాళ మీవి, పట్టుకుపొమ్మన్నాను. నీళ్ళు నోటితో ఇవ్వచ్చట, తొట్టి ఇవ్వకూడదట. కడవలు, బానలు, డబ్బాలు, ఆఖరికి రెండు చేపల పడవలు కడిగి నింపారు. అయినా చాలాభాగం మిగిలింది. పెట్టడానికి చోటు లేదు.

సుత్తి నేనే పట్టుకున్నాను. అతుకు ఊడింది. నీళ్ళు రాళ్ళమీంచి పారి సముద్రంలో కలిశాయి. ఎంత పోయిందో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

తర్వాత దోనెలు విప్పాం. వలలు కోశాం. గాలివాన చెయ్యలేనిది మేం ఒక్క పగటిలో చేశాం. ఊరు గట్టుమీద నిలబడి చూసింది. ఆఖరి గుంజ పడ్డాక నేను వెళ్ళి రాయిమీద కూర్చున్నాను. ఎవరూ కదల్లేదు. దాలమ్మ చెప్పింది అబద్ధమైతే, ఈ ఊరి నీళ్ళు నేనే పారబోశానన్నమాట.

కూర్మన్న లేచాడు. పంచె ఎగ్గట్టాడు. విప్పి పడేసిన దోనె ఒకటి ఎత్తి, కన్ను చికిలించి, దాని పొడుగునా చూశాడు. కొలబద్ద అతని కాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని దాటి వెళ్ళాడు.

నమోదు 9

వాళ్ళు బాగుచేస్తున్నారు. నేను చూస్తున్నాను. ఎనిమిది నెలల చదువులో ఇంత కష్టమైన పాఠం లేదు.

కూర్మన్న అతుకులు మళ్ళీ పాములే. తారు అవసరానికి మించి పూస్తున్నారు, అవసరమైన చోట మరిచిపోతున్నారు. ఇసుకలో మళ్ళీ గవ్వలు. ఒకామె వల చిరుగుకు తన పాత కోక ముక్క వేసి కుట్టింది. కోక మంచునీటిని కిందికి జారనివ్వదు, పీల్చుకుంటుంది. నా చెయ్యి దానంతటదే లేచింది. షరీఫ్ నా కొంగు పట్టుకుని లాగాడు.

దాలమ్మను అడిగాను, నోరైనా విప్పవచ్చా, అదీ నేరమేనా అని.

“నోటికి అడ్డేటి? సేతికే అడ్డు.”

అప్పటినుంచి నోటితోనే పని. కోక ముక్క ఎందుకు వద్దో చెప్పాను. ఆమె విని, వేలితో తడిమి చూసి, ముక్క విప్పేసింది. వడపోతలో గవ్వ ఎక్కడుందో అక్కడ నీరు పక్కదారి పడుతుందని చెబితే, పిల్లల్ని కూర్చోబెట్టి గవ్వలన్నీ ఏరించారు. నల్లబట్ట మీద చెబితే లేవని చేతులు ఇప్పుడు అడక్కుండానే లేస్తున్నాయి. తారు పాళ్ళు పదిమంది అడిగి తెలుసుకున్నారు. పదిమందీ పది రకాలుగా కలిపారు.

కూర్మన్నకు దోనె వాలు గురించి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. “మీ లెక్క మంచిదే మేస్టరమ్మా. గాలికి గుంజ ఊగినప్పుడు మీ తిన్నటి దోనె బిగిసి ఇరుగుతాది. వంకరది ఊగుతాది” అన్నాడు. విరగదని నేనన్నాను. ఇరుగుతాదని అతనన్నాడు. ఇద్దరమూ తగ్గలేదు. అతుకు మాత్రం అతను అనుకున్నట్టే వేశాడు. నీళ్ళలో అయిదోవంతు దారిలోనే కారిపోతోంది. నాకు అన్నం సయించడం లేదు.

మా ఇంటి కప్పు కూడా నేనే ఊడగొట్టాను. దాలమ్మ వెంటనే వస్తుందనుకున్నాను. మూడు రోజులు ఆగింది. ఆ మూడు రోజులూ నా పక్క, నా పుస్తకాలు, నా కీళ్ళు అన్నీ నానాయి. నాలుగోరోజు తాపీగా వచ్చి, నిచ్చెనెక్కి, తారు పూసి, మూట విప్పి తన పొయ్యి తన మూల పెట్టుకుంది. నేను సర్దిన సామానంతా మళ్ళీ తన పద్ధతిలోకి మార్చింది. కప్పు ఇంకా కారుతూనే ఉంది. ముందు కారిన చోటే.

“పక్క ఇటు జరుపుకో” అంది. జరుపుకున్నాను.

నమోదు 10

మంచు పల్చబడింది. ఇవాళ మండలి అధికారిణి వచ్చింది.

ఊరు దాచిన నీళ్ళు తిరిగి పోశాక తొట్టి సగం కన్నా కాస్త ఎక్కువ. ఎంత పొదుపుగా వాడినా ఎండ నెలలు గడవడానికి రెండు వారాల నీళ్ళు తక్కువ. లెక్క ముందే వేశాను. దాచలేదు, ఆమె చేతికే ఇచ్చాను. ఆమె చదివి మడిచి పెట్టుకుంది. ముఖం బాగాలేదు. పాత సమాధానమే వస్తే దీవి మూసే కాగితం సిద్ధంగా ఉందని తెలుస్తూనే ఉంది. ఊరంతా గట్టుమీద చేరింది. కూర్మన్న మెడలో తువ్వాలు మాటిమాటికీ సర్దుకుంటున్నాడు.

తొట్టి ఎవరిదని ఆమె అడగబోతూ, ముందు దోనె ఎలా పారుతుందో చూద్దామని దోనె పైకొసన నీళ్ళను ఆపే కవాటం ఎత్తించింది. వలల కింద నిలవ ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా దిగాయి. కూర్మన్న వేసిన మూడో అతుకు టప్పుమని విచ్చుకుంది. నీళ్ళు అధికారిణి చెప్పుల మీదుగా రాళ్ళలోకి పారిపోతున్నాయి.

నేను లేచి నిలబడ్డాను. లేచిన సంగతి కూడా నాకు తెలియదు. “కూర్చో పెద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుతా” అన్నాడు షరీఫ్. కూర్చున్నాను. ఊడిన అతుకు, పోతున్న నీళ్ళు, కాగితం పట్టుకున్న ఆమె. అంతా అయిపోయిందనుకున్నాను.

ఊరు పరుగెత్తింది. నడిచి రాలేదు, పరుగెత్తింది. ముందు చేరినవాడు అరచేత్తో బీట మూశాడు. వాణ్ణి కూర్మన్న కూతురు మోచేత్తో తోసేసింది.

“ఒరే, అది మా నాయిన అతుకు. సెయ్యి తియ్.”

“నిన్న తారు ఎవులు మరిగించినారు? మీ నాయినా?”

“దోనె మోసుకొచ్చింది నాను. నా బుజం ఇంకా వాసి ఉన్నాది, సూడు.”

తారు డబ్బా మూడు చేతులు మారింది. ఒక ముసలాయన జనం కాళ్ళ మధ్యనుంచి పాకి ఒక వేలైనా ఆనించాలని చూస్తున్నాడు. కూర్మన్న అందరినీ తిడుతూ అందరికన్నా ముందున్నాడు. అధికారిణి చెవిలో బిళ్ళ ఇన్ని గొంతులకు తట్టుకోలేకపోయినట్టుంది. ఆమె దాన్ని తీసేసి, నా దగ్గరకొచ్చి, నాకు వచ్చిన ఆమె భాష నాలుగు ముక్కల్లో అడిగింది, దేనికి కొట్టుకుంటున్నారని.

బాగుచేసే వంతు కోసమని చెప్పాను.

ఆమె చాలాసేపు అటే చూసింది. తడిసిన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. తొట్టి ఎవరిదన్న ప్రశ్న ఆమె ఇక అడగనే లేదు. కాగితం మీద ఒక గీత కొట్టి, పక్కన ఇంకేదో రాసి సంతకం పెట్టింది. దీవి ఉంటుంది. ఆ రెండు వారాల లోటు సంగతి అడిగితే, అది ఈ ఊరూ మండలీ తేల్చుకుంటాయి, మీరు కాదు అంది. కటువుగానే అంది. కాదనడానికి లేదు.

అతుకు దగ్గర గోల తగ్గలేదు. నీళ్ళు ఇంకా కారుతున్నాయి. తారు పలచగా కలిపారు. నాకు కూర్చున్నచోటి నుంచే కనిపిస్తోంది. నోటితో చెప్పాను. గోలలో ఎవరికీ వినపడలేదు. గట్టిగా చెప్పాను. దాలమ్మ తలెత్తి చూసింది. రెండు చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

“అక్కడ కూకుని అరుస్తావేటి మేస్టరమ్మా. వొచ్చి ఓ సెయ్యెయ్యి.”

కూర్మన్న వెనక్కి తిరిగి చూశాడు. గోల కొంచెం ఆగింది. షరీఫ్ నా కొంగు వదిలేశాడు. కూర్మన్న పక్కకు జరిగి, దోనె అంచు దగ్గర ఒక అరచెయ్యి పట్టేంత చోటు ఇచ్చాడు.

వెళ్ళాను. దోనె అక్కడ వంకరగా ఉంది. ఒక్క ఒత్తు ఒత్తితే తిన్నగా వచ్చేది. నన్ను పట్టుకోమన్నది అంచు. అంచే పట్టుకున్నాను.